నిన్న పొద్దున్నుంచి చెప్పమ్మా

నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు పల్లెల్లో ఆడవాళ్లు ఇంటి దగ్గర దొరకరు. తెల్లారకముందే సద్ది కట్టుకుని ఆటో ఎక్కేస్తారు. అందుకే మేం మధ్యాహ్నం బువ్వ తినే వేళకు పొలం గట్టు మీదికో, రాత్రి పూట పొయ్యి దగ్గరికో వెళ్తాం. వ్యవసాయంలో మహిళల పాత్ర మీద మహబూబ్‌నగర్ వైపు ఊళ్లలో సమాచారం సేకరించడం నా ఉద్యోగం.

"ఏం పని చేస్తవమ్మా?" అని అడిగితే, "ఏం లేదు మేడం, ఇంటికాడనే ఉంట" అంటారు చాలామంది. ఆ మాట చెప్పే ఆమె వేళ్ల నిండా పత్తికాయల మొనలు గీరిన గాట్లుంటాయి. అందుకని పని ఊసెత్తకుండా, నిన్న నిద్ర లేచిన దగ్గర్నుంచి ఏమేం చేసిందో చెప్పమంటాను. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా జరిపిన సమయ వినియోగ సర్వేలోనూ ఇదే పద్ధతి. ముందురోజు తెల్లవారుజామున 4 గంటల నుంచి 24 గంటల్లో ఏమేం చేశారో అరగంట చొప్పున రాసుకుంటారు. అలా అడిగితే బర్రెకు గడ్డి కోయడం, పేడ ఎత్తడం, చేనుకు ఎరువు వేయడం, కూలోళ్ల వెంట ఉండి కలుపు తీయడం అన్నీ బయటికొస్తాయి.

పని సంగతి ఇలా తేలుతుంది గానీ, నిర్ణయాల సంగతి అంత తేలిగ్గా తేలదు. "మీ ఇంట్ల ఎవరి మాట నడుస్తది?" అంటే "ఇద్దరం కలిసే చేస్తం" అనేస్తారు. ఫారంలో ఆ గడికి టిక్కు పెట్టి లేచిపోవచ్చు. కానీ పంటను ముక్కలుగా విడదీసి అడిగితే వేరే లెక్క వస్తుంది. పత్తినే తీసుకోండి. ఏ కంపెనీ గింజలు కొనాలో దుకాణం దగ్గర తేల్చేది ఆయన. కూలోళ్లను కుదిర్చేది, ఏరిన పత్తి తూకం వేయించి కిలోకింతని కూలి లెక్క కట్టేది ఆమె. జిన్నింగు మిల్లుకు తీసుకుపోయి ధర ఒప్పుకునేది మళ్లీ ఆయనే. డబ్బు పడేదీ ఆయన ఖాతాలోనే.

అప్పు దగ్గర ఇంకో చిక్కు. "సంఘంల లోను నా పేరు మీదనే ఎత్తినం. బోరు ఏపిద్దమన్నది ఆయన. కిస్తీలు నేనే కడుతున్న, కూలికి పోయి" అందొకామె. అప్పు ఎవరి పేరు మీద ఉంది, ఎందుకు తేవాలో ఎవరు చెప్పారు, ఎవరు తీరుస్తున్నారు అని మూడు గడులుంటేనే ఆమె పరిస్థితి కాగితం మీదికొస్తుంది. మొదటి గడి ఒక్కటే ఉన్న ఫారంలో ఆమె సాధికారత సాధించిన మహిళ కింద లెక్క.

2012లో వచ్చిన వ్యవసాయ మహిళా సాధికారత సూచిక ఒకే ఇంట్లో ఆడ, మగ ఇద్దరినీ విడివిడిగా అడగమంటుంది. నేను ఆమె దగ్గర కూర్చుంటే, నాతో వచ్చినాయన భర్తను అరుగు మీదికి తీసుకెళ్తాడు. ఒక ఇంట్లో బర్రెను అమ్మిన సంగతి అడిగాం. "ఆమెనడిగే అమ్మిన" అన్నాడాయన. "అమ్మినంక చెప్పిండు" అందామె. ఎవరిది నిజమో తేల్చడం మా పని కాదు. రెండు జవాబులూ రాసుకుంటాం. ఆ ఇంటి గురించి అన్నిటికంటే పనికొచ్చే సమాచారం ఆ తేడాయే.

ఇంత తవ్వి అడగడానికి కారణముంది. పల్లెల్లో పనిచేసే ఆడవాళ్లలో నలుగురిలో ముగ్గురికి వ్యవసాయమే ఆధారం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో మహిళల చేతుల్లో ఉన్నవి దాదాపు 14 శాతమే. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు పట్టాదారులకే అందింది. పట్టా లేకుండా కౌలుకు చేసుకునే ఆమెకు ఆ పెట్టుబడి సాయం రాలేదు. రైతుగా లెక్కలోకి రాని మనిషి పథకంలోకీ రాదు.

2026ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. సభలు, శాలువాలు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు ప్రతి సర్వే ఫారంలో ఆమె కోసం ఒక పేజీ విడిగా ఉండాలి. మీ ఇంటికి సర్వే వాళ్లొస్తే సాగు సంగతి ఆడవాళ్లను కూడా అడగమనండి. వాళ్లు చెబుతున్నంతసేపూ పక్కన నిలబడి జవాబులు అందించకండి.