చలికాలం, గ్యాసు మీటరు, మా అత్తయ్య

మన ఊళ్ళో చలి అంటే ఏముంది, ఓ నెలా నెలన్నర. ఇంకో దుప్పటి తీసి కప్పుకుంటాం, తలకి మఫ్లరు చుట్టుకుంటాం, పొద్దున్నే ఎండ పొడలో కాసేపు నిలబడతాం. అయిపోయింది. చలికంటూ విడిగా ఓ ఖర్చు ఉంటుందని నాకు పెళ్ళయి ఇంగ్లండు వచ్చేదాకా తెలీదు. ఇక్కడ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఇంట్లో మనుషులకే కాదు, ఇంటికి కూడా అన్నం పెట్టాలి. ఆ అన్నం గ్యాసు.

గ్యాసుతో బాయిలరు నీళ్ళు కాస్తుంది, ఆ వేడినీళ్ళు గొట్టాల్లోంచి ప్రతి గదిలోని రేడియేటరులోకీ వెళ్ళి తిరిగొస్తాయి. రేడియేటరు అంటే గోడకి తగిలించిన తెల్లటి ఇనప పలక, అంతే. అది కాలుతుంటే గది వెచ్చన. మాది రెడింగ్‌లో నూరేళ్ళు దాటిన ఇల్లు. వీధి పొడవునా గోడకి గోడ ఆనించి కట్టిన ఎర్ర ఇటుకల ఇళ్ళలో ఒకటి. కొత్త ఇళ్ళకి రెండు వరసల గోడ, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీలో దూదిలాంటిది కూరి ఉంటుంది. మా ఇంటి గోడలో ఆ ఖాళీయే లేదు. లోపల వేడి చేసింది చేసినట్టే వీధిలోకి పోతుంది. ఎన్నాళ్ళు కాసినా బాయిలరు రెడింగ్ పట్టణాన్ని వెచ్చబెట్టలేదు కదా, కానీ మా బాయిలరు ప్రయత్నిస్తూనే ఉంటుంది.

2022 శీతాకాలం సంగతి చెప్తున్నాను. అంతకుముందు చలికాలంలో యూనిట్ గ్యాసు నాలుగు పెన్స్ ఉండేది. 2021 నుంచే పెరుగుతున్న ధర ఉక్రెయిన్ యుద్ధంతో ఇంకా ఎక్కేసింది. అక్టోబరు వచ్చేసరికి యూనిట్ 10.3 పెన్స్. కరెంటు 34 పెన్స్. ఆగస్టులో ఆఫ్‌జెమ్ వాళ్ళు సగటు ఇంటికి ఏడాదికి 3,549 పౌండ్లవుతుందని ప్రకటించిన రోజు మా వీధిలో అందరి మొహాలూ ఒక్కలాగే ఉన్నాయి. తరవాత ప్రభుత్వం అడ్డుపడి 2,500 దగ్గర ఆపింది. చాలామంది దాన్ని ఎంత వాడినా అంతకు మించి రాదు అనుకున్నారు. అది యూనిట్ ధరకి కట్టిన హద్దే గానీ బిల్లుకి కట్టిన హద్దు కాదు. పాత ఇంట్లో ఉన్నవాడికి ఆ సంగతి మొదటి నెలలోనే తెలిసొస్తుంది.

సరిగ్గా ఆ అక్టోబరులోనే మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చారు, ఆరు నెలల వీసా మీద. మామయ్యగారు పోయాక ఆవిడ రావడం అదే మొదలు. డెబ్భై నాలుగేళ్ళు. ఒక పెట్టెలో బట్టలు, రెండో పెట్టెలో గోంగూర పచ్చడి, కందిపొడి, వడియాలు.

వంటింట్లో మీటరుకి సంబంధించిన చిన్న తెర ఒకటి ఉంటుంది. ఏ క్షణాన ఎంత ఖర్చయిందో పౌండ్లలో చూపిస్తుంది. ఆ చలికాలం మావారు ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండానే ఆ తెర దగ్గరికి వెళ్ళేవారు. పిల్లలు దానికి 'నాన్న స్కోరుబోర్డు' అని పేరు పెట్టారు. నవంబరు బిల్లు వచ్చిన సాయంత్రం అత్తయ్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అక్కడే కూచున్నారు.

"ఎంతొచ్చిందిరా?"

"రెండొందల ఎనభై అమ్మా."

"మన లెక్కలో?"

"ఇరవై ఏడు వేలు."

ఆవిడ ఇంకేమీ అనలేదు. చిక్కుడుకాయల గిన్నె తీసి నాకిచ్చి పైకి వెళ్ళిపోయారు. మామయ్యగారి పింఛనులో ఆవిడ చేతికొచ్చే దానికంటే అది ఎక్కువ.

ఈలోగా ఇంటికి చేయగలిగినవన్నీ చేశాం. బాయిలరులో నీటి వేడి 75 నుంచి 60కి దించాం. రేడియేటర్లు నెమ్మదిగా వేడెక్కుతాయి గానీ గ్యాసు తగ్గుతుంది. (మాది ట్యాంకు లేని బాయిలరు. వేడినీళ్ళ ట్యాంకు ఉన్నవాళ్ళు దాని సంగతి కనుక్కోకుండా ఇలా చేయకూడదు.) రేడియేటరు పైసగం చల్లగా, కిందిసగం వేడిగా ఉందంటే లోపల గాలి చేరినట్టు. చిన్న తాళంచెవిలాంటిదానితో పక్క మర వదులు చేస్తే ఉస్సుమని గాలి పోయి, నాలుగు నల్లటి నీటి చుక్కలు కారతాయి. పదేళ్ళుగా ఈ పనికి ఓ మనిషిని పిలుస్తున్నామంటే నమ్మండి.

తలుపుల కింది సందుల పని అత్తయ్య తీసుకున్నారు. నా పాత వెంకటగిరి చీర ఒకటి నిలువునా చీల్చి, గొట్టంలా కుట్టి, లోపల పిల్లలకి పొట్టయిన బట్టలు కూరి, పొడుగాటి దిండ్లు అయిదు తయారుచేశారు. గుమ్మానికొకటి. బజార్లో ఇలాంటివి కుక్క బొమ్మ ఆకారంలో పదిహేను పౌండ్లకి అమ్ముతారు. ఇది చెప్పినప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయింది.

"ఓ బొగ్గుల కుంపటి పెట్టుకుంటే తీరిపోతుందిగా అమ్మాయ్, ఇంత గొడవెందుకు?" అని కూడా అన్నారు. ఆవిడ కాన్పులన్నిటికీ బాలింతరాలి గదిలో కుంపటి ఉండేదట. ఆ గదులకి పెంకుల కప్పు, గాలాడే సందులు. ఇక్కడ సందులన్నీ మనమే మూసి కూచున్నాం. మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. బాయిలరు పక్కన దానికోసమే పెట్టిన అలారం చూపించి చెప్తే, "అంత మాయదారిదా!" అని ఊరుకున్నారు.

డిసెంబరు మొదటి వారంలో దుప్పట్లు మార్చడానికి ఆవిడ గదిలోకి వెళ్ళాను. తలుపు తీయగానే చలి మొహానికి కొట్టింది. రేడియేటరు మీద చెయ్యి పెడితే రాయిలా ఉంది. పక్కనున్న మర సున్నా మీద ఉంది. మంచం వెనక, బయటి గోడ మూలలో, మినపపప్పు పొట్టు చల్లినట్టు నల్లటి చుక్కలు. ఆవిడ మంచం మీదే స్వెట్టరు మీద స్వెట్టరు, మంకీ క్యాపు, రెండు జతల మేజోళ్ళు వేసుకుని విష్ణుసహస్రనామం పుస్తకం పట్టుకుని ఉన్నారు. పేజీ తిప్పుతున్న వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"నాకు చలే లేదమ్మాయ్, నిజం. రాత్రి పూట దుప్పటి కింద బాగానే ఉంటుంది. ఉత్తినే గదికెందుకు కాల్చడం?"

బిల్లు విన్న రాత్రి నుంచే ఆవిడ మర తిప్పేస్తున్నారు. మేమెవరమైనా వస్తున్న చప్పుడైతే మళ్ళీ పెడుతున్నారు. బల్ల మీదున్న చిన్న థర్మామీటరులో 13 డిగ్రీలు.

ఆవిడ అబద్ధం చెప్పలేదు, అదే భయం. వయసు పెరిగేకొద్దీ ఒంటికి చలి సరిగ్గా తెలియదు. తెలియకపోయినా రక్తనాళాలు మాత్రం బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. ఆవిడ అప్పటికే బీపీ మాత్ర వేసుకుంటున్న మనిషి. ఇంట్లో కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఇక్కడి ఆరోగ్య శాఖ కూడా చలికాలం ముందు అదే అంకె చెప్తుంది. 18కీ 13కీ తేడా మనకి స్వెట్టరు. ఆవిడకి గుండె.

ఆ రాత్రి మావారికీ నాకూ మాటామాటా వచ్చింది. ఆయన తల్లిని ప్రేమించని మనిషి కాదు. ఇంటి అప్పు వాయిదా కూడా అదే ఏడాది పెరిగింది, ఆ బరువు ఆయన మీదుంది. "ఇల్లంతా పదిహేడు పెడదాం, అందరం స్వెట్టర్లు వేసుకుందాం, అందరికీ సమానం" అన్నారు. సమానం ఎక్కడ? పిల్లలు మెట్లు ఎక్కుతారు దిగుతారు, నేను పొయ్యి దగ్గర ఉంటాను, ఆయన ఆఫీసులో ఎవరో కట్టిన బిల్లు కింద కూచుంటారు. ఆవిడ కుర్చీలో కూచుంటారు, మంచం మీద పడుకుంటారు. కదలని మనిషికి పదిహేడూ, పరిగెత్తే పిల్లకి పదిహేడూ ఒకటెలా అవుతాయి? పొదుపు చేయాల్సిందే, కాదనను. కానీ ఇంట్లో అందరికంటే తక్కువ నోరున్నవాళ్ళ ఒంట్లోంచి పొదుపు తీయకూడదు.

కాగితం మీద లెక్క వేశాను. ఆవిడ గది రేడియేటరు గంటకి సుమారు ఒక యూనిట్ తింటుంది. రాత్రి పదిగంటలు ఆగకుండా కాలినా పౌండు మీద కొంచెం. ఈ ఊళ్ళో ఆ డబ్బుకి హోటల్లో సగం కప్పు టీ రాదు. మావారు ఆ కాగితం కాసేపు చూసి మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆయన ఒప్పుకున్నా అసలు మనిషి ఒప్పుకోవాలిగా. "నా కోసం" అన్న మాట వినపడితే చాలు, ఆవిడ ఏదైనా కట్టేస్తారు. నా కోసం పెరుగు తోడెయ్యకు, నా కోసం లైటు వెయ్యకు. కొడుకు సొమ్ము తన ఒంటి మీద ఖర్చవుతోందన్న ఊహే ఆవిడకి పడదు.

అందుకని మర్నాడు గోడ చూపించాను. "అత్తయ్యా, ఈ నల్లచుక్కలు బూజు. గది చల్లగా ఉంటే మన ఊపిరిలోని తడంతా ఈ గోడకే పట్టి ఇలా వస్తుంది. ఇలాగే వదిలేస్తే పూత ఊడిపోతుంది, మనిషిని పెట్టి బాగుచేయిస్తే వందల పౌండ్లు." ఇందులో ఒక్క మాటా కల్పన కాదు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళి వేలితో గీరి చూశారు.

"అయ్యో, చెప్పవేం మరి! గోడ పాడైపోదూ?" అంటూ ఆవిడే వెళ్ళి మర మూడుకి తిప్పారు.

ఆ రోజు నుంచీ ఆ గది గోడ కోసం వెచ్చగా ఉంది. ప్రభుత్వం ఆ చలికాలం ప్రతి ఇంటికీ కరెంటు ఖాతాలో ఆరు నెలల్లో 400 పౌండ్లు జమచేసింది. డిసెంబరు వాటా 67 పౌండ్లు వచ్చాక, "మీ గది ఖర్చు ఇందులోంచే పోతుందత్తయ్యా" అన్నాను. "ఫరవాలేదే, తెల్లవాళ్ళ ప్రభుత్వం మంచిదే" అన్నారు.

లండన్‌లో మంచు కురిసిన ఆ వారం మా పెరట్లో మైనస్ ఆరు. బట్టలారేసే తీగ గాజుపుల్లలా బిగుసుకుంది. పగలు పై అంతస్తు రేడియేటర్లన్నీ ఒకటిలో పెట్టి, కింద ముందుగదిని మాత్రం ఇరవైలో ఉంచి, అందరం అందులోనే కాపురం పెట్టాం. పిల్లల చదువు, మావారి లాప్‌టాప్, నా కూరగాయలు, అత్తయ్య కుట్టుపని, అన్నీ ఆ ఒక్క గదిలోనే. ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం కూడా, అంతా ముచ్చటగా సాగిందని చెప్పను. పక్కింటావిడ కరెంటు హీటరు కొనుక్కోమంది. రెండు కిలోవాట్లది గంటకి 68 పెన్స్, వద్దన్నాను. దాని బదులు అత్తయ్యకి పరుపు మీద వేసే కరెంటు దుప్పటి కొన్నాం. వంద వాట్లు, గంటకి మూడు పెన్స్. ఆవిడ మొదట షాకు కొడుతుందని భయపడి, తరవాత దాన్ని వదలలేదు.

బట్టలు ఇంట్లో ఆరేస్తే ఆ తడి కూడా గోడలకే చేరుతుందని తెలిశాక ఉతుకులు వారానికి రెండుకి తగ్గించాం. పొద్దున పది నిమిషాలు కిటికీ తీస్తే, "కాల్చిన వేడి పోతోందమ్మాయ్!" అని అత్తయ్య గోల. తడిగాలి పోయి పొడిగాలి వస్తే గది త్వరగా వేడెక్కుతుందని చెప్పడానికి నాకు వారం పట్టింది.

చాలా ఊళ్ళలో గ్రంథాలయాల్లో, చర్చిల్లో జనం వచ్చి వెచ్చగా కూచోవడానికి చోటిచ్చారు. మా గ్రంథాలయానికి అత్తయ్యని ఒకసారి తీసుకెళ్ళాను. టీ కూడా ఇచ్చారు. కోటు విప్పకుండా అదే పత్రిక మధ్యాహ్నం దాకా చదువుతున్న ముసలాయన్ని చూసి, "ఆయనకి పిల్లల్లేరా?" అని అడిగారు. దారంతా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక గది తలుపు దగ్గర చీర దిండు సర్ది, మర ఎంతలో ఉందో తనే చూసుకున్నారు.

నాది బీయే తెలుగు, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది. వెచ్చన, వెచ్చించడం అనే రెండు మాటలూ వినడానికి అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. మూలాలు వేరే. వెచ్చించడంలోని వెచ్చం 'వ్యయం' నుంచి వచ్చింది. ఆ చలికాలం మా ఇంట్లో మాత్రం రెండూ ఒకటే మాట.

డిసెంబరు బిల్లు 340 దాటింది. మావారు చూశారు, కట్టేశారు. స్కోరుబోర్డు దగ్గరికి వెళ్ళబోయి ఆగి, "అమ్మ గదిలో ఎంతుంది?" అని అడిగారు. పంతొమ్మిది అన్నాను. "ఉండనీ" అన్నారు.

అత్తయ్య మార్చి నెలాఖరున వెళ్ళిపోయారు, బీపీ మాత్ర అదే మోతాదులో వేసుకుంటూ. మే నెల ఎండల్లో ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న, "ఆ గోడ ఆరిందా అమ్మాయ్?" ఆరింది, సున్నం కూడా వేయించాం అన్నాను. అక్కడ ఉక్కపోతకి ప్రాణం పోతోందట. మొన్న మావారు పెట్టించిన ఏసీ వేసుకున్నారా అంటే, ఒక్కదాని కోసం కరెంటెందుకు కాల్చడం అన్నారు.

"ఈ ఎండకి గోడలు బీటలిస్తాయత్తయ్యా, వేసుకోండి" అన్నాను.

అటు నుంచి కాసేపు మాట లేదు. తరవాత నవ్వు వినపడింది, ఆ వెనకాలే ఏసీ ఆన్ అయిన టింగుమన్న చప్పుడు.