మలుపుకు ముందే

మాది మూడు తరాలుగా మద్రాసులో స్థిరపడిన కుటుంబం. నాన్నగారికి ఒక స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉండేది. 1961 నుంచి మద్రాసులోనే తయారైన బండి. ఇంగ్లండులో 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారుకు హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి వాడారు. అందుకని నాన్నగారు "మనది స్పోర్ట్స్ కారుకు అన్నగారు" అని మురిసిపోయేవారు.

ఇరుకు సందులో కూడా ఒక్కసారికే తిరిగేది. కాని మొదటి మోడళ్ళ వెనక చక్రాల అమరికలో ఒక తిరకాసు ఉంది. వేగంగా మలుపు తిరుగుతూ మధ్యలో యాక్సిలరేటరు వదిలినా, బ్రేకు తొక్కినా వెనక భాగం పైకి లేచి, చక్రాలు లోపలికి ముడుచుకుని, బండి తోక జారుతుంది. "వేగం మలుపుకు ముందే తగ్గించాలి" అనేవారు నాన్నగారు.

1992లో, నా ఇరవై రెండో ఏట, ఏలగిరి కొండ దిగుతున్నాం. పద్నాలుగు హెయిర్‌పిన్ మలుపులు. వెనక సీట్లో అమ్మ, చెల్లి. ఒక మలుపులో ఎదురుగా బస్సు కనబడేసరికి బ్రేకు తొక్కేశాను. తోక జారి, పిట్టగోడకు జానెడు దూరంలో ఆగింది. తప్పు బండిది కాదు, నాది. నాన్నగారు తిట్టలేదు. దిగి టైర్లు చూసి, మళ్ళీ నన్నే నడపమన్నారు.

పోయిన ఏడాది అదే కొండకు మా అబ్బాయి తన కొత్త కారులో తీసుకెళ్ళాడు. ముందు సీట్లో ఎనభై నాలుగేళ్ళ నాన్నగారు. వాన తుంపర. వాడు జోరుగా మలుపు తిప్పాడు. బండి చలించలేదు. డాష్‌బోర్డు మీద పసుపు లైటు మాత్రం రెండుసార్లు మిణుకుమంది.

"ఏం కాదు నాన్నా, బండే చూసుకుంటుంది" అన్నాడు.

నిజమే. బండి జారబోతే కంప్యూటరు తగిన చక్రానికి విడిగా బ్రేకు వేసి, ఇంజను జోరు తగ్గించి, బండిని దారిలో పెడుతుంది. కాని టైరుకు లేని పట్టును ఏ కంప్యూటరూ తేలేదు. మా బ్యాంకు భాషలో ఆ లైటు ఓవర్‌డ్రాఫ్టు. లిమిట్ దాటితే చెక్కు తిరిగొస్తుంది.

నేను నోరు తెరిచేలోగా నాన్నగారు "ఖాళీ చోట చూసి ఆపరా" అన్నారు. పాత కథంతా చెప్పి, నాకూ తెలియని మాట ఒకటి కలిపారు.

"ఆ రోజు మళ్ళీ మీ నాన్ననే ఎందుకు నడపమన్నానో తెలుసా? నా చేతులు వణుకుతున్నాయిరా."

మిగిలిన మలుపులన్నిటికీ వాడు ముందే వేగం తగ్గించాడు. పసుపు లైటు మళ్ళీ వెలగలేదు.