పిల్లలమర్రి చెట్టు ముందు బొమ్మల పుస్తకాలు

మా ఆదివారపు బడి పిల్లలను మన ఊరి పొలం బొమ్మ వేయమంటే అందరూ ఒకే బొమ్మ వేశారు. రెండు పచ్చని కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక ఏరు, గట్టున కొబ్బరిచెట్టు! మా నల్లగొండ పల్లెలో ఏరూ లేదు, కొబ్బరిచెట్టూ లేదు. అది కాలెండరు బొమ్మ. మన చెలకలు బొమ్మకు పనికిరావని వీళ్ళకు ఎవరు చెప్పారో! బహుశా మేమే చెప్పి ఉంటాము, నోటితో కాకపోయినా.

అందుకే మొన్న ఫిబ్రవరిలో పన్నెండు మంది పిల్లలను వెంటబెట్టుకొని మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికి బయలుదేరాము. (సూర్యాపేట దగ్గర గుళ్ళున్న పిల్లలమర్రి వేరు. ఇది చెట్టు.) దేవరకొండ దాటిన తరువాత కిటికీల నిండా ఎర్రమట్టి చెలకలు, పేర్చిపెట్టినట్లున్న బండల గుట్టలు, గట్ల వెంట తాటిచెట్లు. ఆకు రాల్చిన మోదుగులు ఎర్రగా పూచి ఉన్నాయి.

కల్వకుర్తిలో టీ తాగుతుండగా ఒక పిల్లవాడు అడిగాడు: “సార్, బండలను గూడ బొమ్మ గీస్తరా?”

గీశారు. ఓరుగల్లు ప్రాంతంలో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వద్ద నేర్చుకొని వచ్చిన కొండపల్లి శేషగిరిరావు గారు (1924–2012) ఈ దక్కను బండలను ఎంతో ఇష్టంగా చిత్రించారు. మధిరలో పుట్టిన సూర్యప్రకాశ్ గారు (1940–2019) రాలిన ఆకులను, తామర కొలనులను గీసి పేరు పొందారు. రాలిన ఆకులే! మనం ఊడ్చి పారవేసేవి.

పిల్లలమర్రి దాదాపు ఏడెనిమిది వందల ఏండ్ల వృక్షమంటారు. మూడెకరాల మేర ఊడలు దింపింది. ఏది మొదలో, ఏది ఊడో చెప్పలేము. 2017 డిసెంబరులో చెదలు తిని ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. మరుసటి ఏడాది రోగికి ఎక్కించినట్లు సెలైన్ సీసాలతో చుక్క చుక్కగా చెదలమందు ఎక్కించారు. బరువైన కొమ్మలకు క్రింద ఊతలు కట్టారు.

మా తమ్ముడు 1994లో ఇక్కడ పెన్సిలుతో వేసిన బొమ్మను సంచిలో తెచ్చుకున్నాము. కుడివైపు నేలను తాకేలా వంగిన కొమ్మ ఒకటి అందులో ఉన్నది. కంచె ఇవతల నిలబడి ఎంత వెతికినా అది కనబడలేదు. తమ్ముడు కూడ ఇప్పుడు లేడు. ఆ కాగితాన్ని చాలాసేపు మడవలేకపోయాము.

పిల్లలు రెండు గంటలు కూర్చొని గీశారు. రంగుల డబ్బాలో చెలక రంగు దొరకలేదని ఒకడు వేలు తడిచేసి నేల మట్టినే కాగితానికి రాశాడు. మాకు తోచని ఉపాయం!

ఒక చిన్నది చెట్టుతోపాటు ఊతలను కూడ ఒక్కటీ వదలకుండా గీసింది.

“అవెందుకమ్మా, చెట్టు చాలదా?” అన్నాము.

“అవి లేకుంటే కొమ్మ పడిపోతది గద సార్” అని మళ్ళీ తల వంచుకొని గీయసాగింది.