గౌలిపుర నుండి చౌమహల్లాకు

మా పుట్టిల్లు హైదరాబాదు పాతనగరమందలి గౌలిపురలో నున్నది. పూర్వము నగరప్రాకారమునకు గల ద్వారములలో గౌలిపుర దర్వాజా యొకటి. నేడు ద్వారము లేదు. పేరు మాత్రము నిలిచినది. మా ఇల్లును ఆ దారినే పోవునేమో యని అమ్మకు దిగులు. వానకాలము వచ్చినచో పైకప్పు కురియును.

పోయిన వేసవిలో, అమెరికాలో నుద్యోగము చేయు మా తమ్ముడు వచ్చి యొక ఫొటో చూపెను. అది 1971వ సంవత్సరపు డాట్సన్ 240జడ్ కారు. పొడవైన ముక్కు, రెండే తలుపులు, ఆరు సిలిండర్ల ఇంజను. జపానులోని నిస్సాన్ కంపెనీ 1969లో ఈ రకమును వెలువరించినది. స్వదేశమున దీని పేరు ఫెయిర్‌లేడీ, అనగా సుందరి. ఆ పేరు అమెరికాలో చెల్లదని కటయామా యను నధికారి మార్పించెను.

"అక్కా! టొయోటా 2000జీటీ కార్లు మొత్తము 351 మాత్రమే చేసిరి. వానిలో నొకటి 2013లో వేలమున పది లక్షల డాలర్లు దాటినది. అది మన కందదు. ఇదియైన కొనవలెనని యున్నది" అనెను. కొన్నచో కప్పు బాగుచేయుట కతడు దాచిన సొమ్ము దానికే పోవును. అమ్మ మాటాడలేదు.

మరునాడు ఇద్దరము లాల్ దర్వాజా మీదుగా శాలిబండ చేరి, చౌమహల్లా సౌధమునకు పోతిమి. అచ్చట పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ యున్నది. వెనుక సింహాసనమువంటి యెత్తైన పీఠము. దీనిని కోరి చేయించిన ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ 1911లోనే గతించెను. ఎక్కు భాగ్యము ఆయనకు లేకపోయెను. తమ్ముడు చాలసేపు కదలక నిలుచుండెను.

"పాత కారు కొనునపుడు ముందేమి చూతువు?" అని యడిగితిని.

"పైరంగు కాదక్కా, అడుగు చూడవలెను. 240జడ్‌కు తుప్పే శత్రువు. బ్యాటరీ క్రింద, కాలిపరుపు క్రింద నీరు నిలిచి రేకును తినివేయును. మెరుగు చూచి కొన్నవాడు మోసపోవును."

"మన యింటికిని నీరే గదా శత్రువు!" అంటిని. అతడు నవ్వెను, పిదప నవ్వలేదు.

వానలకు ముందే కప్పు పని ముగిసినది. తరువాత తమ్ముడు జాబు వ్రాసెను: మెకానికు చూడగా ఆ కారు అడుగంతయు చిల్లులేనట, మరియొకటి వెదకుచున్నాడట. అమ్మ నాచేత బదులు వ్రాయించినది: "నాయనా, మంచిది దొరికినపుడు నన్నొకసారి యెక్కించుము."