బ్యాండు వెనక వరసలోంచి

మిల్ట్ హింటన్ పేరు మీలో చాలామంది విని ఉండరు. నేనూ మొన్న సెమ్ సెలవుల్లోనే విన్నాను. అమెరికాలో జాజ్ బాస్ వాయించేవాడు. బాస్ అంటే మనిషంత ఎత్తుండే వయొలిన్ లాంటిది. స్టేజీ వెనక నిలబడి, డ్రమ్మర్‌తో కలిసి పాటని మోసే పని. అక్కడి నుంచే ఆయన దాదాపు 60,000 ఫోటోలు తీశాడు.

1910లో మిసిసిపీ రాష్ట్రంలో విక్స్‌బర్గ్‌లో పుట్టాడు. నల్లవాళ్ళని చెట్టుకి వేలాడదీసి చంపే రోజులవి. చిన్నప్పుడే అలాంటిది ఒకటి కళ్ళారా చూశాడు. తర్వాత కుటుంబం షికాగో చేరింది. అక్కడ వయొలిన్ నేర్చుకున్నాడు. మూకీ సినిమాలకి థియేటర్లో వాయించేవాళ్ళకి అప్పట్లో గిరాకీ. తీరా చేతికి విద్య వచ్చేసరికి టాకీలొచ్చి ఆ ఉద్యోగాలే పోయాయి. (ఏఐ వార్తలు చదివి నిద్రపట్టని సీఎస్ఈ మిత్రులు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగొచ్చు.) ఆయన బాస్‌కి మారాడు.

1935లో, 25వ పుట్టినరోజుకి, కెమెరా బహుమతిగా వచ్చింది. మరుసటి ఏడాది క్యాబ్ కాలొవే బ్యాండులో చేరి 1951 దాకా ఊళ్ళు తిరిగాడు. దక్షిణాదిలో నల్లవాళ్ళకి హోటల్ గది దొరికేది కాదు, అందుకని బ్యాండుకి రైలు పెట్టే ఇల్లు. డిజీ గిలెస్పీ అంటే ట్రంపెట్‌లో మొనగాడు కదా, హింటన్ ఫోటోలో మాత్రం రైల్లో నిద్రపోతున్న కుర్రాడు. అప్పటికి నాకంటే మూడు నాలుగేళ్ళే పెద్ద! ఇంకో ఫోటో 1940 ప్రాంతంలో అట్లాంటా స్టేషన్‌లో తీసింది. నల్లవాళ్ళ ప్రవేశద్వారం అని రాసున్న బోర్డు కింద బ్యాండువాళ్ళు నిలబడి ఉన్నారు. రాత్రి హాలంతా చప్పట్లు కొట్టించుకునేవాళ్ళకి పొద్దున ఆ తలుపే దిక్కు. పేపరువాళ్ళు పంపిన ఫోటోగ్రాఫర్ అయితే స్టేజీ ఫోటో తీసుకుని వెళ్ళిపోయేవాడేమో. హింటన్‌ది కూడా అదే తలుపు.

1950ల చివర్లో స్టూడియోలో తీసిన బిల్లీ హాలిడే ఫోటోలు చూసి నేను లాప్‌టాప్ మూసేశాను. రికార్డ్ చేసిన తన పాటే తను వింటోంది. మొహంలో అలసట. 1959లో చనిపోయింది, 44 ఏళ్ళకి. ఆ గదిలో హింటన్ ఉన్నది బాస్ వాయించడానికి. అందుకే అతని కెమెరా ముందు ఎవరూ పోజు పెట్టలేదనుకుంటా.

మా ఫెస్ట్ డ్రైవ్ ఫోల్డర్‌లో ఫోటోలు వేలల్లో ఉన్నాయి. రాత్రి రెండింటికి స్టేజీ కింద కేబుళ్ళు చుట్టేవాళ్ళు ఒక్కదాంట్లోనూ లేరు. ఈసారి సౌండ్ టీమ్‌లో పేరిచ్చాను. ఫోన్ జేబులో ఉంటుంది.