చంద్రుడికి వచ్చిన జబ్బు

క్షయకు మన పూర్వులు రాజయక్ష్మ అని పేరు పెట్టారు. రాజంటే ఇక్కడ చంద్రుడు. ఇరవైయేడుగురు భార్యలుండగా రోహిణినొక్కతెనే నెత్తిన పెట్టుకున్నాడని మామగారు దక్షుడు శపించాడు. అల్లుడు రోజురోజుకూ చిక్కిపోసాగాడు. ఆ తరువాత ఎంత బతిమాలుకున్నా శాపం పూర్తిగా పోలేదు గాని, పక్షం రోజులు తరుగు, పక్షం రోజులు పెరుగు అని రాజీ కుదిరింది. తెలుగు మేష్టార్లకు ఈ కథ చెప్పడమంటే మహా సరదా. నేనూ ఏటేటా చెబుతూనే ఉంటాను.

ఈ యేడు కరీంనగర్‌లో మా కాలేజీలో ఆ పాఠం అయ్యాక ఒక కుర్రవాడు వెంట వచ్చాడు. పాత ఆదిలాబాదు జిల్లా, నిర్మల్ వైపు వాడు. తల్లి బీడీలు చుడుతుంది. "సార్, మా అమ్మకు టీ.బీ. అని చెప్పిండ్రు. మా పెద్దమ్మ ఆమె గిలాస, తల్లె వేరే పెట్టింది. నాకు గూడ అంటుకున్నదేమో సార్?" అన్నాడు. నా పురాణం అక్కరకు రాలేదు. స్టాఫ్ రూములో జంతుశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి ఆశ్రయించాను.

ఆయన 1882 నుంచి ఎత్తుకున్నాడు. ఆ మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొన్నట్టు ప్రకటించాడు. అదే యేడు సిసిలీ ద్వీపంలో మెచ్నికాఫ్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు నక్షత్రచేప పిల్లకు గులాబీ ముల్లు గుచ్చి చూస్తే, తెల్లవారేసరికి ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయట. దొంగా, బంటూ ఒకే యేడు పట్టుబడ్డారన్నమాట!

మన ఊపిరితిత్తుల గాలిగదుల్లో అలాంటి బంట్లే కాపలా ఉంటాయి. పేరు మాక్రోఫేజ్, అంటే పెద్ద తిండిపోతు. వచ్చిన క్రిమిని అమాంతం మింగి, ఒక సంచిలో వేసి, అందులోకి ఆమ్లమూ జీర్ణరసాలూ వదిలి అరిగించేస్తుంది. క్షయ క్రిమి దగ్గర మాత్రం దీని పప్పులుడకవు. మైనం లాంటి తొడుగుతో వచ్చి, ఆ రసాలు సంచిలోకి రాకుండా అడ్డం పడి, మింగినదాని కడుపులోనే కాపురం పెట్టి పిల్లాపాపలతో వర్ధిల్లుతుంది. ఇంతటి గడుసు అద్దెదారును నేనెక్కడా వినలేదు.

ఈలోగా వార్తాహరుల లాంటి కణాలు కొన్ని క్రిమి తునకలను లింఫ్ గ్రంథులకు చేరవేస్తాయి. అక్కడ టీ-కణాలు తయారై రావడానికి కొన్ని వారాలు పడుతుంది. అవి వచ్చి ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థం వదిలితే తిండిపోతుకు మళ్ళీ జఠరాగ్ని రగులుకుంటుంది. కొన్ని క్రిములు చస్తాయి. చావనివాటి చుట్టూ కణాలు గుమిగూడి గోడ కడతాయి. ఆ బుడిపెలకే ట్యూబర్‌కిల్ అని పేరు, టీ.బీ.లోని 'టీ' అక్కడిదే. క్రిమి చావదు, బయటికీ రాదు. చంద్రుడి రాజీయే మళ్ళీ! సోకినవారిలో నూటికి తొంభైమందికి పైగా ఈ రాజీ జీవితాంతం నిలుస్తుంది.

మిగతావారిలో గోడ ఎందుకు కూలుతుంది? హెచ్.ఐ.వి. టీ-కణాలనే మట్టుబెడుతుంది. మధుమేహం ఒక కారణం. కరీంనగర్ గ్రానైటుకు పేరుమోసిన ఊరు కదా, రాతిధూళిలోని సిలికాను కూడా తిండిపోతు మింగుతుంది. అది అరగక తానే చస్తుంది. రాతిపనివారికి క్షయ భయం ఎక్కువ కావడం అందుకే. అన్నిటికీ మించి మన దేశంలో పెద్ద కారణం చాలీచాలని తిండి. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 వరకు కొందరు రోగుల ఇంట్లోవారికి తలకు నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిను మాత్రలు ఇచ్చి చూశారు. ఇవ్వని ఇళ్ళతో పోలిస్తే వారిలో క్షయ సుమారు 40 శాతం తగ్గింది.

గ్లాసుతో, పళ్ళెంతో అంటదని కుర్రవాడికి చెప్పాను. దగ్గినప్పుడు గాలిలో వచ్చేదే భయం. మందులు పడ్డాక అదీ తగ్గుతుంది. నువ్వు పరీక్ష చేయించుకో, అవసరమైతే ముందుజాగ్రత్త మాత్రలిస్తారు అన్నాను. రోగి తిండికని ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తోంది. 2024 నవంబరులో అది 1000 అయింది. పథకం పేరు 'నిక్షయ్'. వ్యుత్పత్తి చెప్పబోయాను.

"పైసలు వస్తున్నయ్ సార్. కానీ అమ్మ అందరికి పెట్టినంక మిగిలిందే తింటది," అన్నాడు.

వాళ్ళ పెద్దమ్మ ఫోను నంబరు అడిగి రాసుకున్నాను.