ఇనుప గుఱ్ఱానికి ప్రాణాయామం

ముప్పయ్యేళ్ళు ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకొని బ్రతికినవాడు మోటారు సైకిలు పొగగొట్టం మీద టపా వ్రాయటమేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. అయితే ఒక్క మాట. గురులఘువుల లెక్క తెలిసినవాడికి ఈ యంత్రం లెక్క ఏమంత కొఱుకుడుపడనిది కాదు. పద్యపాదంలో ఒక గణం మార్చితే యతిస్థానం ఎక్కడికో జారిపోతుంది. యంత్రంలోనూ అంతే, ఒకచోట ముట్టుకుంటే మరొకచోట కదులుతుంది. పైగా నేను కార్బొరేటరు కాలపు బుల్లెట్టును ఏళ్ళ తరబడి నడిపినవాణ్ణి. ఆ బండి మీద ప్రేమ కొద్దీ నేర్చుకున్న విద్య ఇన్నాళ్ళకు పనికి వచ్చింది.

సంగతేమిటంటే, మా పూడిమడకలో నా దగ్గర చదువుకున్న కుఱ్ఱవాడొకడు తండ్రితోపాటు వేటకు వెళుతుంటాడు. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం గదా. పడవ ఒడ్డెక్కిన ఆ రోజుల్లో లోకం చూసి రావాలన్నది అతని కోరిక. అందుకని కూడబెట్టిన డబ్బుతో రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి హిమాలయన్ బండి కొన్నాడు. 411 సీసీ ఇంజనుతో 2016లో వచ్చిన రకం అది. 2023 నవంబరులో 452 సీసీ ఇంజనుతో కొత్త హిమాలయన్ వచ్చాక పాత రకం బండ్లు చవకగా దొరకసాగాయి. ఇతనిదీ అలా చేతులు మారి వచ్చినదే.

ఒకనాడు మా ఇంటికి వచ్చి అన్నాడు: "బండికి ఊపిరి సలపడం నేదు మేష్టారూ. ఫిల్టరూ సైలెన్సరూ మార్పించి, లోపలి కంప్యూటరు కూడా ట్యూనింగు సేయించేస్తే పులిలా లగెత్తుద్దంట. లడఖ్ ఎల్లాలంటే అదుండాలంట."

ఆ మూడింటికీ అయ్యే ఖర్చు చెప్పాడు. అది వాళ్ళ పడవ ఇంజను మరమ్మతు కోసం దాచిన సొమ్ముకు దగ్గర దగ్గరగా ఉంది. "మారిస్తే ఏమవుతుందో ముందు తెలుసుకొందాం నాయనా, మార్చాలా వద్దా అన్నది తరువాత" అన్నాను.

"ఊపిరి" అని అతడు అనుకోకుండా అన్న మాట చాలా సరైనది. అంతర్దహన యంత్రం చేసేది ప్రాణాయామమే. ముషలకం, అంటే పిస్టను, క్రిందికి దిగుతూ గాలిని పీల్చుకొంటుంది, అది పూరకం. పైకి వచ్చి ఆ గాలినీ పెట్రోలునూ బిగబట్టి నొక్కుతుంది, అది కుంభకం. నిప్పురవ్వ తగిలి మంట పుట్టి పిస్టనును క్రిందికి తోస్తుంది. బండికి బలం ఇక్కడే. మరల పైకి వస్తూ కాలిన వాయువులను బయటకు నెడుతుంది, అది రేచకం. 411 సీసీ అంటే ఒక్కో ఊపిరికి పట్టే గాలి 411 మిల్లీలీటర్లన్న మాట. మనిషి మామూలుగా పీల్చే ఊపిరి సుమారు 500 మిల్లీలీటర్లు. అంటే ఆ ఇనుప గుఱ్ఱం ఊపిరి మన ఊపిరి కంటే చిన్నదే! అయితే మనం నిమిషానికి పదిహేను సార్లు పీలిస్తే, అది నిమిషానికి 4000 చుట్లు తిరిగేటప్పుడు 2000 సార్లు పీలుస్తుంది.

ప్రాణాయామంలో పూరక కుంభక రేచకాలకు 1:4:2 అని ఒక నిష్పత్తి చెబుతారు. ఇక్కడ కూడా ఒక నిష్పత్తి ఉంది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే తూకంలో 14.7 పాళ్ళ గాలి కావాలి. గట్టిగా బలం కావలసినప్పుడు పెట్రోలు పాలు కొంత పెంచుతారు. నా బుల్లెట్టులో ఈ లెక్కను కార్బొరేటరులోని సన్నని ఇత్తడి రంధ్రాలు చూసుకొనేవి. ఇతని బండిలో ఆ పని కంప్యూటరుది. నిలకడగా పోయేటప్పుడు అది పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరును అడిగి తప్పు దిద్దుకొంటుంది. యాక్సిలరేటరు పూర్తిగా మెలిపెట్టినప్పుడు మాత్రం ఎవరినీ అడగదు. తయారుచేసినవారు వ్రాసిపెట్టిన పట్టికను కంఠతా అప్పజెబుతుంది.

చిక్కంతా అక్కడే. ఫిల్టరూ సైలెన్సరూ మార్చి గాలి దారి వెడల్పు చేస్తే, ఆ పట్టికలోని పెట్రోలు చాలదు. మిశ్రమం పలచబడి వేడి పెరుగుతుంది, వేగం తగ్గించినప్పుడల్లా టపటపమని పేలుళ్ళు వినిపిస్తాయి. అందుకే పట్టిక కూడా తిరగవ్రాయాలంటారు. ఆ మాట నిజమే. మూడూ కలిసి చేయాలి గాని ఒకటి చేసి రెండు మానటం కుదరదు. ఇంతా చేస్తే వచ్చేదెంత? ఆ బండి బలం 24.5 అశ్వశక్తి. ఇంజను పరిమాణం మారనంత కాలం ఈ మార్పులవల్ల కలిసేది స్వల్పమే, అదీ ఎక్కువగా పైవేగాలలో. ఘాటురోడ్డు మీద సామానుతో ఎక్కేవాడికి కావలసినది క్రింది వేగాలలోని లాగుడు. పొగగొట్టం పొడవూ, మలుపూ, లోపలి గదులూ వెఱ్ఱిగా పెట్టినవి కావు. వదలిన వాయువు ఒక అలలా గొట్టం చివరిదాకా పోయి, అక్కడనుంచి వెనుకకు మళ్ళిన అల సరియైన క్షణానికి కవాటం దగ్గరకు చేరితే, మిగిలిన పొగను ఊడ్చి కొత్త గాలిని లోపలికి లాగుతుంది. అలల సంగతి పూడిమడకవాడికి నేను చెప్పాలా! అల చూసుకొని గదా తెప్పను నీటిలోకి తోస్తారు. గొట్టాన్ని ఊరికే ఖాళీ చేస్తే ఆ అల వేళ తప్పుతుంది. క్రింది వేగంలో ఉన్న లాగుడు కూడా పోవచ్చు.

ఫిల్టరుకు ఉపమానం కూడా అతని ఇంటిలోనే దొరికింది. వల కన్ను పెద్దదైతే నీరు సులువుగా పోతుంది, చిన్న చేపా పోతుంది. ఫిల్టరు కన్ను వెడల్పయితే గాలితోపాటు సన్నని ఇసుక కూడా పోయి సిలిండరు గోడలను గీరుతుంది. మన ఊరిలో ఇసుకకు కొదవా?

లడఖ్ మాట కూడా తేల్చుకొన్నాం. ఖర్దుంగ్ లా కనుమ 5,300 మీటర్లకు పైన ఉంది. అక్కడి గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానిలో సగానికి కొంచెం ఎక్కువ. గాలి తగ్గినంతగా బలమూ తగ్గుతుంది. లేని గాలిని ఏ ఫిల్టరూ పుట్టించలేదు. తగ్గిన గాలికి తగినట్లు పెట్రోలు తగ్గించే తెలివి మాత్రం ఆ కంప్యూటరుకు ఇప్పుడే ఉంది. నా బుల్లెట్టుకు లేనిదీ, దానికి ఉన్నదీ అదే.

చట్టం కూడా చెప్పాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలలో 120వది సైలెన్సరు గురించే. 2005లో అమలులోకి వచ్చిన ప్రమాణంలో, తయారీ దశలో 175 సీసీ మించిన మోటారు సైకిలు చప్పుడుకు 80 డెసిబెళ్ళు హద్దు. పది డెసిబెళ్ళు పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే 2019 సవరణ ప్రకారం 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉన్నాయి. కొన్ని సైలెన్సర్లతోపాటు విషవాయువులను విరిచే క్యాటలిటిక్ కన్వర్టరును కూడా తీసేస్తారు. అప్పుడా పొగ ఎవరు పీల్చాలి? వెనుక సైకిలు మీద బడికి పోయే పిల్లలు పీల్చాలి.

అతడన్నాడు: "సప్పుడుంటేనే గదండీ ఎదటోడికి తెలుస్తాది!"

అప్పుడు వాళ్ళ పెరటిలో ఉన్నాం. తండ్రి అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకొంటున్నాడు. కొడుకు బండి స్టార్టు చేసి, "అయ్యా, ఇంజను ఎలాగుంది?" అని అడిగాడు. ఆయనకు వినిపించలేదు. మరల అడిగాడు. మూడవసారి అరవవలసి వచ్చింది. పడవ ఇంజను ప్రక్కన ఏళ్ళ తరబడి కూర్చున్న చెవులవి. ఆయన లేచి వచ్చి పెట్రోలు ట్యాంకు మీద అరచెయ్యి ఆనించాడు. యాక్సిలరేటరు తిప్పమని రెండవ చేత్తో సైగ చేశాడు. కాసేపు కళ్ళు మూసుకొన్నాడు. చెవితో వినవలసినదాన్ని ఆయన చేత్తో వింటున్నాడు.

"గుండి బాగానే ఉందిరా. ముక్కే మూసుకుపోయింది" అన్నాడు.

కొడుకు ఇంజను ఆపాడు. చప్పుడు గురించి మరి మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. రాత్రంతా సముద్రం మీద ఉండి తెల్లవారి వచ్చి పగలు పడుకొనేవాళ్ళ వీధి అది.

ఫిల్టరు విప్పి చూస్తే, తీరపు ఇసుకా, అచ్యుతాపురం రోడ్డు దుమ్మూ కలిసి అట్టలు కట్టి ఉన్నాయి. బండిని అమ్మినవాడు దానిని ఎన్నడూ తీసి చూసినట్టు లేదు. ఆ రకానిదే కొత్త ఫిల్టరు వేశాం. కవాటాల సందు సరిచేయించాం, ప్లగ్గు మార్చాం, గొలుసు కడిగి నూనె పట్టించాం. మొత్తం కలిపినా అనుకొన్న ఖర్చులో పదో వంతు కాలేదు. మరుసటి వారం నన్ను వెనుక కూర్చోబెట్టుకొని అనకాపల్లి, నర్సీపట్నం మీదుగా లంబసింగి ఘాటు ఎక్కించాడు. అక్కడి ఎత్తు సుమారు వెయ్యి మీటర్లు, గాలి పదోవంతు పలచన. ఒక మలుపు దగ్గర గేరు తగ్గించి, "ఊపిరొచ్చింది మేష్టారూ" అన్నాడు. ఆ మాట నాకు వినిపించిందంటే ఆ సైలెన్సరు పుణ్యమే.

పెట్రోలు ఇంజను కూడా శాశ్వతం కాదనుకోండి. మా పూడిమడకలోనే కట్టనున్న హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న విశాఖలో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఈ పూరక రేచకాలే లేని బండ్లు నడిపే తరం రావచ్చు. అంతదాకా ఈ ఊపిరిని కనిపెట్టుకొని ఉండవలసినదే.

అతని కోరిక తీరిపోయిందని మాత్రం చెప్పలేను. ఆ సైలెన్సరు బొమ్మ ఇంకా అతని ఫోనులో ఉంది, అప్పుడప్పుడు తీసి చూసుకొంటాడు. పడవ ఇంజను సొమ్ము మాత్రం పడవ ఇంజనుకే పోయింది. వచ్చే నిషేధకాలంలో లడఖ్ ప్రయాణం. ఆ దారిన వెళ్ళివచ్చిన మిత్రులెవరైనా ఉంటే ఎక్కడ ఆగాలో, ఏమి జాగ్రత్తలు తీసుకోవాలో వ్రాయండి. అతనికి చదివి వినిపిస్తాను.